పాత గేమ్‌ని మళ్ళీ కొత్తగా చేస్తే మంచిదేనా? (కాస్త పెద్ద పోస్ట్)



మన గ్రూపులో ఎక్కువగా స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, పోడు పట్టాల గురించి రాసుకుంటాం. నేను గేమ్స్ గురించి రాస్తున్నా. పెద్దవాళ్ళు తిట్టకండి, ఓపిక ఉంటే చివరిదాకా చదవండి.

మొన్న ఆదివారం హాస్టల్లో ఒక జూనియర్ లాప్‌టాప్ తెచ్చి, "అన్నా, శాన్ ఆండ్రియాస్ కొత్తది వేశాను, చూడు" అన్నాడు. 2021 నవంబరులో రాక్‌స్టార్ వాళ్ళు జీటీఏ పాత గేములు మూడింటిని కలిపి కొత్తగా చేసి వదిలారు కదా, అది. నేను చాలా ఆశగా కూర్చున్నా. బండి ఎక్కి నేరుగా చిలియాడ్ కొండకే పోయా. పైకెక్కి చుట్టూ చూస్తే ఏదో బాగాలేదు. కొండ అదే, దారి అదే. కానీ అక్కణ్ణుంచి మొత్తం మ్యాప్ కనిపించేస్తోంది. ఆ ఊరు, ఈ ఊరు, మధ్యలో ఎడారి, అన్నీ పక్కపక్కనే పేర్చినట్టున్నాయి. "ఇంతేనా ఇది?" అనిపించింది.

నేను పుట్టిన సంవత్సరమే, 2004లోనే, ఆ గేమ్ వచ్చింది. నా చేతికి వచ్చేసరికి తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో సంత రోజు నాన్న పసుపు అమ్ముకోడానికి పాడేరు పోతే, నేనూ మా బాబాయి కొడుకు అన్నయ్యా వెనకాలే పోయి నెట్ సెంటర్లో దూరేవాళ్ళం. గంటకి డబ్బులు ఇద్దరం కలిపి వేసుకునేవాళ్ళం. సగం టైము అన్నయ్యది, సగం నాది. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ కంప్యూటర్ ముట్టుకోలేదు. మౌస్ ఎలా పట్టుకోవాలో నేను సీజే దగ్గర నేర్చుకున్నా అంటే నమ్మండి. ఇంకో మాట కూడా చెప్పాలి. సినిమాల్లో హీరోలందరూ తెల్లగానే ఉండేవారు. అమ్మ చనిపోతే సొంతూరికి తిరిగొచ్చిన ఒక నల్ల కుర్రాడు హీరో అవడం నేను మొదట చూసింది ఆ గేములోనే. అన్నయ్య అయితే "వీడు మనోడురా" అనేవాడు.

అప్పట్లో శాన్ ఆండ్రియాస్ మాకు ఒక దేశమంత పెద్దగా ఉండేది. బండి మీద పోతూ ఉంటే దూరంలో అంతా మసక. దగ్గరికి పోయేకొద్దీ మసకలోంచి వంతెనో, ఊరో బయటికొచ్చేది. ఆ మసక వాళ్ళు అందం కోసం పెట్టింది కాదని తర్వాత తెలిసింది. గేమ్ మొదట వచ్చింది ప్లేస్టేషన్ 2 మీద. దాని మెమరీ 32 ఎంబీ మాత్రమే. దూరంలో ఉన్నవన్నీ గీసే శక్తి దానికి లేదు, అందుకే పొగమంచు కప్పేశారు. యంత్రానికి చేతకాక పెట్టిన ముసుగన్నమాట. కానీ ఆ ముసుగే మ్యాప్‌ని పెద్దది చేసింది. మన వైపు వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. డిసెంబరు పొద్దున్న లంబసింగి దారిలో నడిచినప్పుడు ఎదుటి కొండ ఎంత దూరమో తెలీదు, ఎంత పెద్దదో కూడా తెలీదు. పది గంటలకి మంచు విడిపోయాక అదే కొండ, చిన్నదైపోతుంది.

కొత్తగా చేసినవాళ్ళు "ఇప్పుడు యంత్రాలు గట్టివి, మసక ఎందుకు?" అనుకుని తీసేసినట్టున్నారు. మసక చేస్తున్న పని ఏంటో ఎవరూ అడగలేదు.

ఇంకోటి చెప్తా, నవ్వొస్తుంది. ఆ గేములో టఫ్ నట్ అని ఒక డోనట్ల కొట్టు ఉంది. దాని మీద పెద్ద బొమ్మ, బోల్టుకి బిగించే నట్టు ఆకారంలో, ఆరు మూలలతో ఉంటుంది. కొట్టు పేరుకీ బొమ్మకీ కలిపి జోక్ అది. కొత్తదాంట్లో మూలలన్నీ నున్నగా చేసేసి గుండ్రంగా వదిలారు. పాత బొమ్మ మొరటుగా ఉందని కాబోలు, సాపు చేశారు. జోక్ పోయింది. ఇంకా బోర్డుల మీద అక్షరాలు తప్పులు, వాన పడితే తెరంతా తెల్లగీతలు. జనం గోల పెడితే వాళ్ళు ఆ నెలలోనే క్షమాపణ చెప్పారు. చాలా తప్పులు దిద్దారు కూడా. పాత వెలుతురు, పాత మసక కావాలనుకునే వాళ్ళకి ఒక ఆప్షన్ మాత్రం 2024 నవంబరులో, అంటే మూడేళ్ళకి వచ్చింది.

ఇలాంటిదే సైలెంట్ హిల్‌కీ జరిగింది. 1999లో వచ్చిన మొదటి గేములో ఊరంతా పొగమంచు, కారణం అదే, యంత్రం చాలక. కానీ భయం ఆ మంచులోంచే వచ్చింది. 2001లో వచ్చిన రెండో భాగాన్ని 2012లో హెచ్‌డీ అని మళ్ళీ వదిలితే మంచు పలచబడి, వెనక దాచిపెట్టినవన్నీ బయటపడ్డాయని జనం తిట్టారు. 2024 అక్టోబరులో పోలెండ్‌లోని బ్లూబర్ టీమ్ అదే రెండో భాగాన్ని మొదటి నుంచీ మళ్ళీ కట్టింది. ఇప్పుడు యంత్రానికి అవసరం లేకపోయినా మంచుని అలాగే ఉంచింది. నేను ఆడలేదు, అంత కంప్యూటర్ నాకు లేదు. రాత్రి దుప్పటి కప్పుకుని ఫోన్లో వేరేవాళ్ళు ఆడుతుంటే చూశా. చాలనిపించింది.

అలాగని పాతదంతా గొప్ప అని నేను అనను. ప్రాజెక్ట్ ఐజీఐ గుర్తుందా? 2000లో నార్వే వాళ్ళు చేసింది. మా గురుకులం ల్యాబ్‌లో ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసిన గేమ్. మిషన్ మధ్యలో సేవ్ చేసుకోడానికి ఉండదు. ముప్పావుగంట పాక్కుంటూ పోయి, చివర్లో ఒక్క గుండు తగిలితే మొదటికి. పైగా మా దగ్గర కరెంటు. సార్ రావడం కన్నా కరెంటు పోవడానికే ఎక్కువ భయపడేవాళ్ళం. "సేవ్ లేకపోవడమే ఐజీఐ మజా" అని ఇప్పుడు కొందరంటారు. వాళ్ళింట్లో ఇన్వర్టర్ ఉండి ఉంటుంది. ఐజీఐ 2లో వాళ్ళే కొద్దిగా సేవ్ ఇచ్చారు, దాంతో మజా ఏమీ తగ్గలేదు. ఇలాంటి గేమ్‌ని మళ్ళీ చెయ్యొచ్చు, చెయ్యాలి. లోపల మంచి ఆట ఉంది, దాని దగ్గరికి పోయే దారే బాగాలేదు. 1998 నాటి రెసిడెంట్ ఈవిల్ 2ని 2019లో అలాగే చేశారు. నడక, కెమెరా అన్నీ మార్చేశారు, ఆ పోలీస్ స్టేషన్లో ఊపిరి బిగబట్టి తిరగడం మాత్రం మార్చలేదు.

అందుకే నాకు అనిపించేది, ఎంత పాతది అన్నది ప్రశ్న కాదు. ఇందులో ఏది అడ్డం, ఏది దూలం అని తేల్చుకున్నాకే చెయ్యి వెయ్యాలి. అది తేల్చడం కష్టమే. 2003 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియాని మళ్ళీ చేసే పని 2020లో యూబీసాఫ్ట్ పూణె, ముంబై స్టూడియోలకి వచ్చిందని తెలిసి మా క్లాసులో పండగ చేసుకున్నాం. ట్రైలర్ చూసి జనం బాగాలేదన్నారు, వాయిదాలు పడ్డాయి, 2022లో పని మాంట్రియల్‌కి వెళ్ళిపోయింది. ఆ రోజు నిజంగా బాధేసింది.

నాకు కోపం తెప్పించేది ఇంకోటి. కొత్త జీటీఏలు వచ్చే ముందు పాతవాటిని ఆన్‌లైన్ అమ్మకం నుంచి తీసేశారు. జనం అడిగాకే పీసీవి మళ్ళీ పెడతామన్నారు. పాత శాన్ ఆండ్రియాస్‌కి 256 ఎంబీ ర్యామ్ ఉంటే చాలు. కొత్తదానికి తక్కువలో తక్కువ 8 జీబీ, అంటే 32 రెట్లు. మా గురుకులం ల్యాబ్‌లో ఇప్పటికీ ఆ పాత డబ్బాలే. అక్కడి తొమ్మిదో తరగతి పిల్లోడికి నడిచేది పాతది ఒక్కటే. కొత్తది చేసుకోండి, వద్దనను. పాతదాన్ని ఎందుకు మాయం చేస్తారు?

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మాకు ఇల్లు మంజూరైంది. నాన్న ఫోన్ చేసి, "పాతిల్లు పీకేసి అక్కడే స్లాబ్ వేద్దాం, నువ్వు చదువుకున్నోడివి, ఏమంటావు?" అన్నాడు. నేను వెంటనే సరే అనేశా. వానాకాలం కారే కప్పు కింద పడుకున్నవాణ్ణి, స్లాబ్ వద్దని ఎందుకంటాను? కానీ చిలియాడ్ కొండ మీద నిలబడ్డాక నాకు నానమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. పొయ్యి మీద వాసాలకి విత్తనం మొక్కజొన్న పొత్తులు, చోడి కంకులు కట్టి ఉంటాయి. పొగకి గోడలు నల్లగా, కళ్ళు మండుతాయి. నేనెప్పుడూ ఆ పొగని తిట్టుకున్నవాణ్ణే. ఆ పొగ వల్లే విత్తనానికి పురుగు పట్టదు, పై గడ్డికి చెద పట్టదు. స్లాబ్ కింద గ్యాస్ పొయ్యి పెడితే పొత్తులు ఎక్కడ కడతాం?

మళ్ళీ ఫోన్ చేసి, "వంటిల్లు ఒక్కటీ ఉంచి పక్కన కట్టలేమా నాన్నా?" అన్నా. "స్థలం ఎక్కడుందిరా" అన్నాడు. నానమ్మ ఏమందని అడిగితే, ఏమీ అనలేదట, పొత్తులు మాత్రం దించట్లేదట. సంక్రాంతికి వచ్చి కొలిచి చెప్పమన్నాడు. టేపు పట్టుకుని పోతున్నా.

మీ ఊళ్ళో ఎవరైనా స్లాబ్ ఇంటి పక్కన పాత వంటిల్లు ఉంచుకున్నారా? ఉంచుకోనివాళ్ళు విత్తనం ఎక్కడ దాస్తున్నారు? తెలిస్తే కింద రాయండి. గేమ్స్ గురించి గొడవ పడాలన్నా పడండి, ఐజీఐ సేవ్ విషయంలో మాత్రం నేను తగ్గను.