నలువదేండ్ల యెదురుచూపు

సంగీతపాఠమునకుఁ బోయిన పిల్ల దీపములు పెట్టు వేళకు రానిచో మాకు వీధిగుమ్మము విడిచి లోనికిఁ బోఁ గాలాడదు. ఆ యాలస్యము నలువదేండ్లు దాటినచో ఆ తల్లి గతి యేమి? ఎమాన్యుయేలా ఓర్లాండీ వృత్తాంతము చదివినది మొదలు ఈ ప్రశ్న మమ్ము విడువకున్నది.

ఎమాన్యుయేలా పదునైదేండ్ల బాలిక. తండ్రి పోపుగారి కొలువున నుద్యోగి. వారి కాపురము వాటికను నగరముననే. 1983 జూను 22వ తేదీని ఆమె రోమునందు పిల్లనగ్రోవి పాఠమునకుఁ బోవుచు తోడు రమ్మని యన్నగారిని అడిగెను. ఆయనకుఁ దీరిక లేకపోయెను. పిమ్మట ఆమె యింటికి టెలిఫోను చేసి, దారిలో నెవఁడో సౌందర్యసాధనములకు సంబంధించిన పని యిచ్చెదనన్నాఁడని తోఁబుట్టువుతోఁ జెప్పెను. మరల నిల్లు చేరలేదు.

ఇంటివారు పట్టణపు గోడలనిండ నామె ఛాయాపటము నంటించిరి. జూలై 3వ తేదీని రెండవ జాన్‌పాల్ పోపుగారు బాలికను విడువుఁడని బహిరంగముగా వేఁడుకొనిరి. 1981లో ఆయనను కాల్చి చెఱనున్న వానిని విడిపింపవలెనని యజ్ఞాతులు టెలిఫోనులు చేసిరి. ఆమె బ్రతికియున్నదను రుజువు మాత్రము చూపరైరి. 2004లో తండ్రి కన్ను మూసెను. 2012లో రోమునందలి యొక దేవాలయమున నేరస్థుని సమాధిని తెఱచిరి, జాడ లేదు. 2019లో వాటికను శ్మశానమున రెండు గోరీలు తెఱచిరి. అవి శూన్యముగా నుండెను. అన్నగారు పియెట్రో విడువక పోరాడఁగా 2023లో వాటికను మరల విచారణ మొదలిడెను. ఇటలీ పార్లమెంటును విచారణసంఘము నేర్పఱచెను.

చావునకు దినకర్మ యున్నది, తిథి యున్నది. ఏడ్చుటకొక మేర యున్నది. కానరాకపోవుటకు మేర లేదు. ఏడేండ్లు జాడ తెలియనివారిని మృతులుగా భావింపవచ్చునని మన దేశపు చట్టము. తల్లి మనస్సున కాలెక్క పట్టదు. ఆనాఁడు వెంట వెళ్లియుండిన నను నన్నగారి వేదనకును గడువు లేదు. అట్టివారిని నిందించుట మహాపాపమని మా నమ్మకము.

సోదరీమణులారా, బిడ్డ కానరానిచో "ఱేపటిదాఁక చూతము" అనకుఁడు. పరువు పోవునని దాఁపకుఁడు. పిల్లలు తప్పిపోయిరని చెప్పినంతనే పోలీసులు కేసు నమోదు చేయవలెనని మన సుప్రీము కోర్టు 2013లో ఉత్తరువు చేసినది. 1098 సంఖ్యకు టెలిఫోను చేసినను సాయము దొరకును. మొదటి గంటలు తిరిగి రావు.

ఈ సాయంకాలము మా పిల్ల వచ్చి తలుపు తట్టినది. ఆలస్యమేలయని కసరఁబోయి, మాట రాక, అన్నము వడ్డించితిమి.