డార్విన్ నుంచి దక్షిణానికి: స్టువర్ట్ హైవే పక్కన నీళ్ళు

డార్విన్ ఈస్ట్ ఆర్మ్ రేవులో లోడు ఎత్తుకుని బెరిమా దగ్గర స్టువర్ట్ హైవే ఎక్కితే, దక్షిణాన సౌత్ ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టా దాకా ఇదే దారి. సుమారు 2,700 కిలోమీటర్లు. 1862లో జాన్ మెక్‌డౌల్ స్టువర్ట్ అనే అన్వేషకుడు దక్షిణ తీరం నుంచి ఈ ఉత్తర సముద్రం దాకా ఖండాన్ని నిలువునా దాటి వచ్చాడు. పదేళ్ళకు అతని జాడ వెంటే టెలిగ్రాఫ్ తీగ వచ్చింది, ఆ తీగ వెంటే రోడ్డు వచ్చింది. డార్విన్ జనం తినే తిండిలో కొంత భాగం ఈ దారినే రావాలి.

ఇక్కడ లారీ అంటే రోడ్ ట్రైన్. ముందొక ఇంజను బండి, వెనక మూడు ట్రైలర్లు, మొత్తం 53.5 మీటర్ల పొడవు. అరవైకి పైగా టైర్లు, లోడుతో వంద టన్నులు దాటే బరువు. ఆగిన ప్రతిచోటా దిగి, ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి చూసుకుంటూ చివరిదాకా నడవాలి. గాలి నిండుగా ఉన్న టైరు గట్టిగా ఎదురు తంతుంది. గాలి దిగినది మెత్తగా బొద్దుమంటుంది. తర్వాత హబ్ దగ్గర అరచెయ్యి పెట్టి బేరింగు వేడెక్కిందా అని చూడాలి. చివరి ట్రైలర్‌లో టైరు పేలితే ఆ చప్పుడు డ్రైవరు సీటు దాకా రాదు. అద్దంలో పొగ కనిపిస్తేనే తెలుస్తుంది, అప్పటికి ఒక్కోసారి మంట కూడా అంటుకుని ఉంటుంది.

నూనమా దాటగానే రోడ్డును ఆనుకుని స్ట్రాస్, లివింగ్‌స్టన్ అనే యుద్ధకాలపు పాత రన్‌వేలు కనిపిస్తాయి. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు డార్విన్ మీద బాంబులు కురిపించాయి. ఆ యుద్ధం రోజుల్లోనే ఈ మట్టిబాట తారురోడ్డయింది. మరికొంత దూరం పోతే పక్కనే మాంటన్ డ్యామ్. అదీ ఆ యుద్ధకాలంలో కట్టిందే, డార్విన్‌కు గొట్టాల్లో మొదట వచ్చిన మంచినీళ్ళు అక్కడివే. ఆ తర్వాత లేక్ బెన్నెట్. వానాకాలంలో ఈ మేర అంతా పచ్చగా, నిండుగా ఉంటుంది. ఈ దారిని కోరి ఎంచుకునే డ్రైవర్లలో నేనూ ఒకణ్ణి.

లేక్ బెన్నెట్ దాటాక కుడివైపు బ్యాచిలర్ మలుపు వస్తుంది. నా ప్రయాణం ఎప్పుడూ అక్కడే నెమ్మదిస్తుంది. నేను కడప జిల్లా వాణ్ణి. తుమ్మలపల్లె యురేనియం గని మాటలు వింటూ పెరిగిన వాడికి ఆ మలుపు మామూలు మలుపు కాదు.

బ్యాచిలర్ పక్కనే రమ్ జంగిల్. 1949లో జాక్ వైట్ అనే ఆయనకు అక్కడ యురేనియం రాయి దొరికింది. అమెరికా, బ్రిటన్‌ల అణ్వస్త్రాలకు ముడిసరుకు కావాలి, దానికోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం గని తెరిచింది. 1954లో ప్రధాని మెంజీస్ వచ్చి ప్రారంభించాడు. బ్యాచిలర్‌లో పనివాళ్ళ కోసం ఊరు కట్టారు. 1971లో గని మూతపడింది. గని నడిపినవాళ్ళు వెళ్ళిపోయారు, గుంటలు మిగిలాయి. ఆ గుంటల్లో నీళ్ళు నిండాయి. వాటిలో ఒకటి ఇప్పుడు రమ్ జంగిల్ లేక్ పేరుతో మ్యాపులో నీలంగా కనిపిస్తుంది.

గని తవ్వి పోసిన రాళ్ళ గుట్టల్లో గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. దానికి గాలీ వాననీరూ తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాయిలోని రాగిని, ఇతర లోహాలను కరిగించి ఏట్లోకి తీసుకుపోతుంది. ఫినిస్ నది తూర్పు పాయలో జరిగింది ఇదే. కిలోమీటర్ల మేర చేపలు లేకుండా పోయాయి. 1980లలో కొంత మరమ్మతు చేశారు, అది నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి శుద్ధి చేస్తున్నారు. పదిహేడేళ్ళు నడిచిన గనికి యాభై ఏళ్ళు దాటినా చాకిరీ తీరలేదు. ఆ నేల కుంగరకన్, వరై ప్రజలది. గని తెరిచినప్పుడు వాళ్ళను ఎవరూ అడగలేదు. ఏరు చచ్చాక మాత్రం దాని పక్కన బతకాల్సింది వాళ్ళే. దీన్ని అన్యాయం అనకపోతే ఇంకేమనాలి?

అడిలైడ్ రివర్ ఊళ్ళో యుద్ధంలో పోయినవాళ్ళ స్మశానం, పైన్ క్రీక్‌లో పాత బంగారు గనులు గబగబా వెనక్కిపోతాయి. తర్వాత కేథరిన్. అక్కడ మళ్ళీ నీళ్ళ గోడే. ఊరి పక్క టిండాల్ వైమానిక స్థావరంలో మంటలార్పే నురగ ఏళ్ళ తరబడి వాడారు. అందులోని పీఫాస్ రసాయనాలు భూగర్భ జలంలో కలిశాయి. 2017లో ఊరికి నీటి ఆంక్షలు పెట్టారు, బోర్ల మీద బతికే ఇళ్ళకు సీసా నీళ్ళు పంచారు. జనం కోర్టుకెక్కారు. 2020లో కేథరిన్ వాసులకు 92.5 మిలియన్ డాలర్ల పరిహారంతో రాజీ కుదిరింది. డబ్బు అందింది గాని, నేల కింది నీరు ముందటి నీరు కాలేదు.

మటరాంకా వేడినీటి ఊటలు, డేలీ వాటర్స్, ఇలియట్, దానికి పడమట లేక్ వుడ్స్. ఈ మేర కంచెలు తక్కువ. చీకటిపడితే కంగారూలు, పశువులు రోడ్డెక్కుతాయి. త్రీ వేస్ కూడలి దాటితే లేక్ మేరీ ఆన్, ఆ వెంటే టెనంట్ క్రీక్. డార్విన్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. నేను అక్కడ దక్షిణం నుంచి వచ్చిన బండితో ట్రైలర్లు మార్చుకుని వెనక్కి తిరుగుతాను. పోర్ట్ అగస్టా వైపు రోడ్డు పక్కన తెల్లగా పరుచుకునే లేక్ హార్ట్ ఉప్పు సరస్సు గురించి ఆ డ్రైవర్లు చెప్పగా వినడమే. 2022 జనవరిలో గ్లెండాంబో దగ్గర వరద ఆ రోడ్డునూ రైలుపట్టాలనూ తెగ్గొడితే డార్విన్ దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి. రోడ్డు బాగుపడగానే మా బళ్ళు వాటిని నింపాయి. చెడిన నీటికి అలాంటి తోవ లేదు. ఏ సరుకునైనా లారీలో తెచ్చుకోవచ్చు, ఏరును మాత్రం తెచ్చుకోలేం.

మా జిల్లా తుమ్మలపల్లెలోనూ గని వ్యర్థాల చెరువు పక్కనున్న కె.కె. కొట్టాల రైతులు తమ బోర్లు పాడయ్యాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. నల్లమలలో యురేనియం తవ్వొద్దని జనం నిలబడితే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా అదే కోరుతూ తీర్మానం చేసింది. ఆ తీర్మానం సరైనదే, దాన్ని ఎవరూ మరిచిపోనివ్వకూడదు. మీ ఊరికి గని వస్తుందని చెప్పేవాళ్ళు ఉద్యోగాల లెక్క చెబుతారు. ఆ లెక్క వినండి. కానీ గని మూతపడ్డాక గుట్టలను ఎవరు కప్పుతారు, నీళ్ళను ఎన్నేళ్ళు పరీక్షిస్తారు, దానికి డబ్బు ఎక్కడ జమ చేశారు అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం చేతికి రాకుండా ఒక్క ఎకరం కూడా ఇవ్వకండి.