భుజం మీద బేతాళుడు

"పిల్లలకి దయ్యాల బొమ్మలేమిటక్కా, రాత్రిళ్ళు జడుసుకోరూ?" అంటుంది మా తోడికోడలు. అదీ నిజమే అనుకోండి. కానీ చందమామలో శంకర్ గారి బేతాళుణ్ణి చూసి పెరిగిన మనం అంత పిరికివాళ్ళమేం కాలేదు కదా!

భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, అయినా ఆగకుండా నడిచే విక్రమార్కుడు. ఆ బొమ్మ వేసిన శంకర్ గారి అసలు పేరు కె.సి. శివశంకరన్. తమిళులు. 1924లో పుట్టారు. 1952లో చందమామలో చేరి, సుమారు అరవయ్యేళ్ళు బొమ్మలు వేశారు. 2020లో పోయారు. మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు.

బొమ్మ మద్రాసుదైనా ఆ పత్రికకి తెనాలి నీళ్ళు బాగా పట్టాయి. 1947 జులైలో నాగిరెడ్డి గారితో కలిసి చందమామ మొదలుపెట్టిన చక్రపాణి గారిది తెనాలే. ఏళ్ళ తరబడి కథల్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. పాత బేతాళ కథలు పాతికే. అవి అయిపోయినా, కొత్తవి వందలకొద్దీ వచ్చాయి.

చందమామ తమిళం, హిందీ, మరాఠీ ఇలా ఎన్నో భాషల్లో, ఆఖరికి సింహళంలో కూడా వచ్చింది. అక్షరాలే మారేవి, బొమ్మ మారేది కాదు. 1870లో బర్టన్ దొర ఈ కథల్ని ఇంగ్లీషులో చెబుతూ పుస్తకం పేరులోనే బేతాళుణ్ణి నెత్తురు తాగే వాంపైర్‌ని చేసేశాడు. మనవాడు నెత్తురడగడు, న్యాయం అడుగుతాడు!

తెనాలి దగ్గర మద్రాసు లైను బాపట్ల వైపు, చిన్న లైను రేపల్లె వైపు విడిపోతాయి. ఒకటి నా పుట్టింటి దారి, రెండోది అత్తింటి దారి. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను బాపట్లలో చిన్నపిల్లని. ఆ తర్వాత చాలా నెలలు, గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, అమ్మ కొంగు వదిలేదాన్ని కాదు. అమ్మ లాంతరు దగ్గర చందమామ తెరిచి, "చూడవే, ఆయనకి మాత్రం బరువు కాదూ? అయినా కింద పడేశాడా?" అనేది. భయం పోతుందని ఎప్పుడూ చెప్పలేదు. మోస్తూ నడవచ్చని మాత్రం చెప్పింది. మాటల్లో కంటే ఆ బొమ్మలోనే అది నాకు బాగా అర్థమైంది. రేపల్లెలో కరెంటు పోయిన రాత్రుళ్ళు మా పిల్లలకీ అదే మందు వేశాను.

చందమామ ఇప్పుడు రావడం లేదు. మీ అటక మీద పాత బైండులుంటే తూకానికి వేసేయకండి. ఓ పూట నీడపట్టున ఆరబెట్టి, ఎండిన వేపాకు పక్కన పెట్టి దాచండి. పిల్లలకి ముందు బొమ్మ చూపించి, తర్వాత కథ చదవండి. బేతాళుడు ప్రశ్న వేశాక పేజీ తిప్పకండి. జవాబు వాళ్ళనే చెప్పనివ్వండి.