చిరునామాకే ఓటు

2024 మే మొదటి వారంలో గుంటూరు జిల్లాలోని ఒక ఇంటికి రెండు ఓటరు చీటీలు అందాయి. ఒకటి ఆ ఇంటి ఇల్లాలిది. రెండోది రెండేళ్ల క్రితం కన్నుమూసిన ఆమె భర్తది. ఇంగ్లండులో చదువుకుంటున్న కూతురికి మాత్రం చీటీ రాలేదు. చీటీలు తెచ్చినవారిని అడిగితే ఊరు మారినందున పేరు తొలగించారని చెప్పారు. అలా తొలగిస్తున్నట్టు ముందుగా ఆ ఇంటికి ఎవరూ తెలియజేయలేదు. చనిపోయిన మనిషి జాబితాలో మిగిలాడు. బతికున్న మనిషి జాబితా నుంచి జారిపోయింది.

ఆ కూతురు ఇంగ్లండులో మరో నలుగురు తెలుగు విద్యార్థులతో కలిసి ఒక అద్దె ఇంట్లో ఉంటోంది. అంతకు ముందు శరదృతువులో ఆ ఇంటికి స్థానిక కౌన్సిల్ నుంచి ఒక లేఖ వచ్చింది. ఈ చిరునామాలో ఎవరెవరు నివసిస్తున్నారో తెలపాలని అందులో ఉంది. "మనం ఈ దేశ పౌరులం కాదు కదా, మనకెందుకు?" అన్నారు ఒకరు. వీసాకు చిక్కు వస్తుందేమోనని సందేహించారు మరొకరు. గుమ్మం దగ్గర ప్రకటన కాగితాల కింద నలిగిన ఆ లేఖను నాలుగు రోజుల తర్వాత ఆమె తీసి చదివింది.

చదివితే తెలిసింది, చట్టబద్ధంగా నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు బ్రిటన్‌లో ఓటు హక్కు ఉందని. స్థానిక ఎన్నికలలోనే కాదు, పార్లమెంటు ఎన్నికలలోనూ ఉంది. వలస ప్రజలందరినీ బ్రిటిష్ రాజు ప్రజలుగా లెక్కగట్టిన సామ్రాజ్య కాలపు చట్టాలకు ఇది కొనసాగింపు. 1892లో దాదాభాయ్ నౌరోజీ లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి కామన్స్ సభకు ఎన్నికైంది కూడా ఆ ఏర్పాటు పుణ్యమే. అప్పటికి ఆయన స్వదేశంలో సామాన్యుడికి ఓటన్నదే లేదు. సామ్రాజ్యం పోయింది, ఆ హక్కు మాత్రం మిగిలింది. పేరు, పుట్టిన తేదీ, జాతీయత, చిరునామా, పార్ట్‌టైం కొలువు కోసం తీసుకున్న నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు. ఆన్‌లైన్‌లో వీటిని నింపడానికి ఆమెకు పది నిమిషాలు కూడా పట్టలేదు. పేరు నమోదైందని కొద్ది రోజులకు కౌన్సిల్ ఉత్తరం రాసింది.

స్వదేశపు ఓటు అంత సులువుగా అందలేదు. విదేశాల్లో ఉన్న భారత పౌరులు ఫారం 6ఏ ద్వారా పాస్‌పోర్టులోని చిరునామాకు ఓటరుగా చేరవచ్చు. 2010లో చేసిన చట్ట సవరణ ఆ వీలు కల్పించింది. కానీ పోలింగు రోజున పాస్‌పోర్టు పట్టుకుని సొంత ఊరి పోలింగు కేంద్రంలో స్వయంగా నిలబడాల్సిందే. ప్రతినిధి ద్వారా ఓటు వేసే వీలు కల్పించే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది. అది రాజ్యసభ దాటకుండానే మురిగిపోయింది. 2024 లోక్‌సభ ఎన్నికలలో నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు 1 లక్షా 19 వేలు. వచ్చి ఓటు వేసినవారు 3 వేలకు లోపే. మే 13న స్తోమత ఉన్నవారు విమానాలెక్కి వచ్చారు. ఆమె రాలేకపోయింది. వచ్చినా జాబితాలో పేరు లేదు.

జులై 4న బ్రిటన్ పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. అక్కడ 2023 నుంచి ఫొటో గుర్తింపు తప్పనిసరి. కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టు అందుకు చెల్లుతుంది. ఆమె తన భారత పాస్‌పోర్టు చూపించి, పెన్సిల్‌తో బ్యాలెట్ కాగితం మీద గుర్తు పెట్టి వచ్చింది. తర్వాత తల్లికి వీడియో కాల్ చేసింది.

"ఏదీ, వేలు చూపించు. సిరా ఏదే?"

"ఇక్కడ సిరా పూయరమ్మా."

తల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నువ్వు అక్కడ ఉన్నావని వాళ్లకు తెలిసింది. మీ నాన్న ఇంకా ఇక్కడే ఉన్నారని వీళ్లు అనుకుంటున్నారు."

ఆ మాట బ్రిటన్‌కు ప్రశంసాపత్రం కాదు. అక్కడి స్థానిక ఓటరు జాబితాలు 86 శాతమే సంపూర్ణమనీ, సరిగా నమోదు కానివారు 80 లక్షల దాకా ఉండవచ్చుననీ ఆ దేశపు ఎలక్టోరల్ కమిషనే 2023లో అంచనా వేసింది. వారిలో ఎక్కువమంది యువకులు, అద్దె ఇళ్లవారు. గుమ్మం దగ్గర నలిగిపోయే లేఖలు అక్కడా ఉన్నాయి. హక్కు మనిషిదే అయినా జాబితా వెతికేది చిరునామాను. స్థిరంగా ఒకచోట ఉన్నవాడికి ఈ తేడా తెలియదు. కూలికి వలసపోయినవాడికి, మెట్టినింటికి వెళ్లిన పిల్లకు, అద్దె ఇళ్లు మారే విద్యార్థికి తెలుస్తుంది.

స్వతంత్ర భారతం తొలి జాబితా తయారు చేసినప్పుడు సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు అందులో నిలవలేదు. సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే రాయించుకోవడమే కారణం. 2025లో బీహార్ ప్రత్యేక సవరణ తర్వాత ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. వారిలో 22 లక్షల మంది మరణించారని, 36 లక్షల మంది ఊరు మారారని లేదా కనిపించలేదని లెక్క చెప్పారు. ఆ పేర్లను, తొలగింపుకు కారణాలను బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. జాబితా శుద్ధి అవసరమే. మృతుల పేర్లు తీయాల్సిందే. అయితే పేరు తీసే ముందు ఆ మనిషికి ఒక మాట చెప్పే బాధ్యత తీసేవారిదే. వెతుక్కుంటూ వచ్చి నిరూపించుకోవలసిన భారం పోగొట్టుకున్నవాడిది కారాదు.

ఆ ఇంటి నుంచి ఆ ఏడాదే రెండు దరఖాస్తులు వెళ్లాయి. కూతురు ఆన్‌లైన్‌లో ఫారం 6ఏ నింపింది. తల్లి మరణ ధ్రువీకరణ పత్రం జత చేసి ఫారం 7 నింపింది. కారణం చెప్పవలసిన చోట 'మరణం' అన్న గడి దగ్గర ఆమె చేయి కాసేపు ఆగింది. భర్త ఇక లేడని ప్రభుత్వానికి తెలియజేయవలసింది చివరకు ఆమే అయింది.