మంద లేని కాపరి

"డాక్టరుగారూ, పొద్దస్తమానం గోడకేసే చూస్తోంది. పిచ్చేమైనా పట్టిందా?" గచ్చిబౌలిలో పన్నెండో అంతస్తులో ఉండే ఒక యువ దంపతుల బెంగ ఇది. కుక్క ఏడాది దాటిన బోర్డర్ కోలీ. కళ్లు, నరాలు, రక్తం అన్నీ పరీక్షించాను, ఏ లోపమూ లేదు. ఇంతలో నా చేతిగడియారం అద్దం మీది వెలుగు గోడ మీద పడింది. అంతే, పొట్ట నేలకానించి, తల దించి, రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ బిగుసుకుపోయింది. ఇంట్లో లేజర్ లైటుతో ఆడిస్తారా అని అడిగాను. "రోజూ ఆడిస్తాం సార్. ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది, కిందికి తీసుకెళ్లే ఓపిక ఉండదు" అన్నాడు భర్త.

ఆ వంగి చూసే తీరు ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లోని గొర్రెల కాపరులు తరాల తరబడి ఏరి ఏరి పెంచిన నేర్పు. 1893లో నార్తంబర్లండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే రైతు దగ్గర పుట్టిన 'ఓల్డ్ హెంప్' అనే కుక్క మొరగకుండా, కరవకుండా, చూపుతోనే మందను కదిలించేది. నేటి బోర్డర్ కోలీల వంశం వెతుక్కుంటూ పోతే దాని దగ్గరికే చేరుతుంది. వేటాడే జంతువు వెతుకుతుంది, మాటు వేస్తుంది, తరుముతుంది, పట్టి చంపుతుంది. కాపరులు ఆ చివరి పనిని అణచి, ముందువాటికి పదును పెట్టారు. గొర్రెలతో పనైతే దానికొక ముగింపు ఉంటుంది. మంద దొడ్డికి చేరుతుంది, కాపరి 'ఇక చాలు' అంటాడు. లేజర్ చుక్క ఎప్పటికీ చిక్కదు. చిక్కని దాని కోసం రోజూ తరిమిన కుక్క, లైటు ఆర్పేశాక కూడా నీడల్లో, మెరుపుల్లో దాన్నే వెతుకుతుంది.

ఆ లైటు మానిపించాను. గోడ మీద ఎండ పొడలు పడే వేళ తెరలు వేయమన్నాను. రెండు పూటలా నడక, తిండిని గిన్నెలో పెట్టకుండా ఇంట్లో అక్కడక్కడా దాచి వాసన పట్టి వెతికించడం, కొన్ని నెలలు ఆందోళన తగ్గించే మందు. నీడల వెంట పడటం బాగా తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. ఈ అలవాటు ఒకసారి నాటుకుంటే పీకడం కష్టం.

కాపరి కుక్క అనగానే మనవాళ్లకు గొల్ల కురుమల మందల వెంట నడిచే కుక్క మనసులో మెదులుతుంది. దాని పని కావలి. తోడేలో దొంగో వస్తే లేస్తుంది, లేకపోతే మంద పక్కన పడుకుంటుంది. మందను మళ్లించేది కాపరి అదిలింపే. కోలీ నుంచి అలాంటి నెమ్మదిని ఆశిస్తే దానికీ మనకూ బాధే.

మరో ఇంట్లో మనవడు హాల్లో పరుగెత్తినప్పుడల్లా కోలీ అడ్డం తిరిగి పిక్క పట్టుకునేది. "పసివాణ్ణి కరిచే కుక్క మాకొద్దు బాబూ" అని నాయనమ్మ ఏడ్చింది. చెదిరిన గొర్రెను మందలో కలిపే పనే అది చేస్తోంది. కానీ పన్ను గాటు పడిందంటే కారణమేదైనా సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, పిల్లాణ్ణి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కొట్టడం వల్ల కుక్కకు భయం పెరుగుతుంది తప్ప పని మరవదు. పిల్లలు ఆడే వేళ దాన్ని వేరే గదిలో ఉంచమని, పిలవగానే వచ్చి పడుకోవడం తిండి ఆశ చూపి నేర్పమని చెప్పాను.

ఏప్రిల్‌లో బంతి ఆట మధ్యలో కూలిపోయిన ఒక బోర్డర్ కోలీని తెచ్చారు. జ్వరమాపకం 107 డిగ్రీల ఫారన్‌హీట్ చూపింది. మామూలుగా 101, 102 ఉండాలి. ఈ జాతి అలసినా ఆగదు, మనమే ఆపాలి. తెచ్చినవాళ్లు బయల్దేరే ముందే ఒళ్లంతా చన్నీళ్లు పోసి, కారులో ఏసీ వేసుకొచ్చారు. అదే దాని ప్రాణం నిలిపింది. వేసవిలో తెల్లవారకముందే ఆట ముగించాలి. బొచ్చు గొరిగించొద్దు, పైబొచ్చు చర్మాన్ని ఎండ నుంచి కాస్తుంది. లోపలి ఊడిన బొచ్చును దువ్వి తీస్తే చాలు.

ఇంకొక జాగ్రత్త. గజ్జికీ పిడుదులకూ ఎవరో చెప్పారని ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేయించడం మన దగ్గర మామూలే. రఫ్ కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో ఎక్కువగా, బోర్డర్ కోలీల్లో అరుదుగా ఒక జన్యులోపం ఉంటుంది. మందును మెదడులోకి చేరనీయకుండా బయటికి నెట్టే ప్రోటీన్ వాటిలో పనిచేయదు. అలా ఇంజెక్షన్ పడ్డ ఒక రఫ్ కోలీ తూలుతూ, చొంగ కారుస్తూ, చూపు తెలియని స్థితిలో నా దగ్గరికొచ్చింది. దీనికి విరుగుడు మందు లేదు. సెలైన్‌తో, కంటికి రెప్పలా కాస్తూ రోజుల తరబడి నిలబెట్టుకున్నాం. ఈ లోపాన్ని పట్టే పరీక్ష ఉంది. కాపరి జాతి కుక్కకు ఏ మందైనా జాతి పేరు చెప్పి మరీ అడగండి.

కొనేముందు ఫొటో చూసి మురిసిపోకండి. తల్లిని చూడండి. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు, కంటి పరీక్షల కాగితాలు అడగండి. ఏడాది నిండేదాకా ఎత్తుల నుంచి దూకించొద్దు, బైకు వెంట పరుగెత్తించొద్దు, ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి. పరుగు ఒక్కటే చాలదు, బుర్రకూ పని కావాలి. అమెరికాలో 'చేజర్' అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుందని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. దానికి నేర్పిన జాన్ పిల్లీ, ఉద్యోగ విరమణ చేసిన మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. మూడేళ్లపాటు రోజుకు నాలుగైదు గంటలు దానితో గడిపాడు. ఆ గంటల గురించి ఎవరూ మాట్లాడరు.

అంత సమయం అందరికీ ఉండదు. రోజుకు రెండు గంటలైనా మనసు పెట్టి దానితో గడిపేవారు ఇంట్లో ఒకరుండాలి, పన్నెండు పదిహేనేళ్లపాటు. ఏ జాతి తెచ్చుకోమంటారని అడిగినవాళ్లను, దానికి ఏం పని ఇస్తారని నేను తిరిగి అడుగుతాను. జవాబు చెప్పలేకపోతే, మన వీధిలో పుట్టి మన ఎండకు అలవాటుపడిన కుక్కపిల్లను తెచ్చుకోమంటాను. దానికీ నడక, టీకాలు, ప్రేమ కావాలి. కానీ లేని మంద కోసం అది రోజంతా గోడలు వెతకదు.