రాణి పేరు చవకైపోయింది!

మనుషుల్లాగే మాటలూ బతికి చెడతాయి. ఇంగ్లీషులో ‘టాడ్రీ’ అనే విశేషణం అలాంటిదే. నిఘంటువు తెరిస్తే ‘చవకబారు’ అని అర్థం కనిపిస్తుంది. ధర తక్కువ, తళుకు ఎక్కువ అన్నమాట. దాని పుట్టుక చూస్తే మాత్రం ఆశ్చర్యమేస్తుంది. అది ఒకప్పుడు ఒక రాణి పేరు!

ఏడో శతాబ్దంలో ఇంగ్లండులోని నార్తంబ్రియాకు ఎథెల్‌డ్రెడా రాణిగా ఉండేది. రాజభోగాలు వదిలి సన్యాసిని అయి, 673లో ఈలీ అనే చోట మఠం పెట్టింది. మెడ మీద కణితి లేచి 679లో కన్నుమూసింది. చిన్నప్పుడు కంఠహారాల మీద మోజుపడ్డ పాపం ఈ బాధతో తీరిపోతుందని ఆమె సంతోషించిందట. బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 731లో ముగించిన తన చరిత్ర గ్రంథంలో ఈ సంగతి రాశాడు.

జనం నోట ఆమె పేరు ‘ఆడ్రీ’ అయింది. ఏటా అక్టోబరులో ఈలీలో ఆమె పేరిట జరిగే జాతరలో మెడకు కట్టుకునే పట్టు పట్టీలు అమ్మేవారు. అవే ‘సెయింట్ ఆడ్రీ లేసులు’. మన సంధుల్లాగే అక్కడా రెండు మాటలు కలిసిపోయాయి. ‘సెయింట్’ చివరి టకారం ఆడ్రీకి అతుక్కుని ‘టాడ్రీ’ అయింది. షేక్‌స్పియర్ నాటకం ‘ది వింటర్స్ టేల్’లో ఒక పల్లెటూరి పిల్ల, కొనిపెడతానన్నావుగా అని ప్రియుణ్ని నిలదీసేది ఈ పట్టీ కోసమే. అప్పటికింకా అది ముచ్చటే. పదిహేడో శతాబ్దం ముగిసేసరికి ఎగతాళి అయిపోయింది.

మా అమ్మ పెట్టెలో తిరనాళ్లలో నాన్న కొనిచ్చిన పూసల దండ ఉండేది. ఫీజులకనీ, ఎరువులకనీ బంగారు గొలుసు ఏటా తాకట్టుకు వెళ్లేది. ఈ దండను ఎవరూ తాకట్టు పట్టరు కదా, అందుకని ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది. పెళ్లిళ్లకు అమ్మ అదే వేసుకునేది. ‘చవకబారు పూసలు’ అని ఓ బంధువు మూతి విరిస్తే, ‘‘చవకది కాబట్టే నా మెళ్లో మిగిలింది వదినా!’’ అని నవ్వేసింది.

రాణి పేరును ఎగతాళి చేసింది జాతరలో మురిసిపోతూ పట్టీ కట్టుకున్న ఆడపిల్లలై ఉండరు. అంతకంటే ఖరీదైనవి కొనగలిగినవాళ్లే అయ్యుంటారని నాకనిపిస్తుంది.

అమ్మ దండ ఇప్పుడు నా దగ్గరుంది. పూసల రంగు వెలిసింది. పండక్కి వస్తే మా మనవరాలు అడిగి మరీ వేసుకుంటుంది.