ఎర్రర్ రాలేదు... అదే అసలు తప్పు!

మా బాబాయ్ ఊళ్లో పాల సేకరణ కేంద్రం నడుపుతాడు. పది రోజులకోసారి రైతులకు బిల్లు ఇవ్వాలి. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత అని చూసి లెక్క కట్టడానికి ఒక రాత్రంతా పట్టేది. "కంప్యూటర్లు చదువుతున్నావుగా, ఏదైనా చేసిపెట్టరా" అన్నాడు. అప్పుడు నేను ఇంజినీరింగ్ మూడో ఏడాది. పైథాన్ కొత్తగా నేర్చుకున్న ఊపులో ఉన్నా. రెండ్రోజుల్లో స్క్రిప్ట్ రాసేశా.

మొదటిసారి నడిపితే సగంలోనే ఆగిపోయింది. తెర మీద ఎర్రటి అక్షరాల్లో వాల్యూఎర్రర్. షీట్‌లో ఒకచోట వెన్న శాతం గడి ఖాళీగా ఉంది. పక్కనే బాబాయ్ నిలబడి చూస్తున్నాడు. పరువు పోయేలా ఉంది. వెంటనే లెక్క మొత్తాన్నీ 'ట్రై'లో పెట్టి, కింద 'ఎక్సెప్ట్', దాని కింద 'పాస్' కొట్టా. అంటే ఏ తప్పొచ్చినా పట్టించుకోకుండా తర్వాతి వరసకి వెళ్లిపొమ్మని. మళ్లీ నడిపా. క్షణంలో బిల్లులన్నీ వచ్చేశాయి. బాబాయ్ భుజం తట్టాడు.

నెలన్నర తర్వాత సంక్రాంతికి ఊరెళ్లా. మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంటుంది. ఆవిడకున్నది ఒక్కటే గేదె. దాన్ని అమ్మేస్తానని బేరం పెట్టిందట. "దాణా ఖర్చు కూడా రావట్లేదు నాయనా. ఈమధ్య బిల్లు బాగా పడిపోయింది" అంది. ఆవిడ చేతిలో పాలకార్డు ఉంటే ఊరికే తీసి చూశా. పది రోజుల్లో రెండు పూటలా కలిపి 20 సార్లు పాలు పోసింది. నా స్క్రిప్ట్ ఇచ్చిన బిల్లులో 13 సార్లే ఉన్నాయి.

గుండె జారిపోయింది. ఇంటికెళ్లి షీట్ తెరిచా. సాయంత్రం పూట ఎక్కించే కుర్రాడు కొన్నిచోట్ల చుక్కకి బదులు కామా కొట్టాడు. 6.4 కాస్తా 6,4 అయింది. మన కంటికి రెండూ ఒకటే. పైథాన్ మాత్రం రెండోదాన్ని సంఖ్యగా మార్చలేదు. వాల్యూఎర్రర్ అని ప్రతిసారీ అరిచింది. నేను పెట్టిన 'పాస్' ఆ అరుపుని మింగేసింది. ఆవిడవే కాదు, మొత్తం 11 మంది పాలు అలా లెక్కలోంచి మాయమయ్యాయి.

బాబాయ్ బకాయిలన్నీ కట్టేశాడు. డబ్బులు తీసుకుంటూ పెద్దమ్మ అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది: "మిషను లెక్క కదా, తప్పు రాదనుకున్నా. గేదెదే తప్పనుకున్నా."

ఆ రాత్రే స్క్రిప్ట్ మార్చా. 'ట్రై'లో ఒక్క లైనే ఉంచా, రాసినదాన్ని సంఖ్యగా మార్చేది. 'ఎక్సెప్ట్' పక్కన వాల్యూఎర్రర్ అని పేరు రాశా. పేరు లేకుండా వదిలేస్తే అది అన్నిటినీ పట్టేసుకుంటుంది. నేను అక్షరం తప్పు రాస్తే వచ్చే నేమ్ఎర్రర్‌నీ, ఆఖరికి ఆపుదామని కంట్రోల్-సీ నొక్కినా దాన్నీ! 'పాస్' తీసేసి, ఏ వరస, ఎవరి పేరు, ఏం రాసి ఉందో ఒక ఫైల్‌లో రాయించా. చివర్లో ఇంకో తనిఖీ: షీట్‌లోని వరసలెన్ని, బిల్లుకెక్కినవెన్ని? ఒక్కటి తేడా వచ్చినా బిల్లులు రావు.

పైథాన్‌లో 'ఇంపోర్ట్ దిస్' అని కొడితే టిమ్ పీటర్స్ రాసిన సూత్రాలు కనిపిస్తాయి. తప్పుల్ని చప్పుడు లేకుండా పోనివ్వొద్దనేది అందులో ఒకటి. నేర్చుకునేటప్పుడు చదివి నవ్వుకుని వదిలేశా.

మర్నాడు కొత్త స్క్రిప్ట్ నడిపితే తొమ్మిది వరసల దగ్గర తేడా చూపించి ఆగిపోయింది.

"మళ్లీ ఆగిందేంట్రా!" అన్నాడు బాబాయ్.

"ఆగాలి బాబాయ్" అన్నా.

ఇద్దరం కూర్చుని ఆ తొమ్మిదీ పాలకార్డులతో సరిచూశాం. పావుగంట పట్టింది.